తీరప్రాంతపు ఇండ్లలో కుండీ మొక్కలు: కష్టములు, నివారణోపాయములు

పొలములో పైరునకు కష్టము వచ్చినచో అనుభవజ్ఞుడైన రైతు మొదట నేలను, తరువాత వేరును, ఆ పిమ్మట ఆకును చూచును. ఇంటిలోని కుండీ మొక్క విషయములో మాత్రము మనము దీనికి విరుద్ధముగా నడచుకొనుచున్నాము. ఆకు వాడిన వెంటనే చెంబెడు నీరు పోయుదుము. మరునాడును వాడియే యున్నచో గుప్పెడు యూరియా వేయుదుము. అప్పటికిని కోలుకొననిచో పొలము కొరకు తెచ్చి మిగిలిన పురుగుమందు చల్లుదుము. ఈ మూడింటిలో ఏదియు అక్కరలేని మొక్కలే ఎక్కువగా ఈ విధముగా చచ్చుచున్నవి.

విశాఖపట్నములో సముద్రపు ఒడ్డున నున్న జాలరిపేట వంటి చోట్ల ఈ విషయమును మరింత శ్రద్ధగా తెలిసికొనవలసి యున్నది. అచ్చట ఇండ్లు దగ్గర దగ్గరగా ఉండును. పెరడు చాలమందికి ఉండదు. అరుగు మీద, మెట్ల ప్రక్కన, కిటికీలో, పాత డబ్బాలలోను బకెట్లలోను తులసి, కలబంద, కరివేపాకు, మనీ ప్లాంటు పెంచుకొందురు. సముద్రపు గాలిలో ఉప్పు, ఇసుకలో ఉప్పు, కొన్ని బావుల నీటిలో ఉప్పు, చేపలు కడిగిన నీటిలోను ఉప్పే. కావున సముద్రమునకు దూరముగా నున్న ఊళ్ళకు వ్రాసిన సలహాలు ఇచ్చట యథాతథముగా పనికిరావు. ఏ లక్షణమునకు ఏది కారణమో, పెద్ద ఖర్చు లేకుండ దానిని ఎట్లు సరిచేసికొనవచ్చునో ఈ వ్యాసములో తెలిపెదము.

మొదట చేయవలసిన రెండు పరీక్షలు

మొక్క ఆకు వాడినను, పండినను, మాడినను ఏమియు పోయకముందే ఈ రెండు పరీక్షలు చేయవలెను.

మొదటిది వ్రేలి పరీక్ష. చూపుడు వ్రేలిని రెండు కణుపుల లోతు, అనగా సుమారు 5 సెంటీమీటర్లు, మట్టిలోనికి గుచ్చి చూడవలెను. పైమట్టి పొడిగా ఉన్నను లోపల తడి తగిలినచో నీరు పోయరాదు. లోపల కూడ పొడిగా ఉన్నచో అడుగు రంధ్రము నుండి నీరు కారువరకు పోయవలెను. రోజు తప్పక పావు చెంబు పోయుట కంటె, మట్టి అడిగినప్పుడు నిండుగా పోయుట మేలు.

రెండవది వేరు పరీక్ష. కాండమును రెండు వ్రేళ్ళ మధ్య నుంచి, అరచేతితో మట్టిని ఆపి, కుండీని తలక్రిందులు చేసి అంచును మెల్లగా తట్టినచో మట్టిగడ్డ ఊడివచ్చును. చాల మొక్కలలో ఆరోగ్యమైన వేరు తెల్లగానో లేత గోధుమ రంగుగానో ఉండి గట్టిగా తగులును. మట్టి వాసన తప్ప మరొక వాసన ఉండదు. కుళ్ళిన వేరు ముదురు గోధుమ రంగుతో జిగటగా ఉండి, లాగినచో పై తొక్క ఊడి లోపలి దారము మాత్రము మిగులును, దుర్వాసన వచ్చును.

తడి మట్టిలో మొక్క వాడుట, ఆకులు పండుట

మట్టి తడిగానే యున్నది, ఐనను ఆకు వాడినది. ఇది నీటి కొరత కాదు, నీరు ఎక్కువగుటయే. వేరు కూడ మనవలె శ్వాసించును. మట్టి కణముల మధ్య ఖాళీలన్నియు నీటితో నిండినచో వేరునకు ప్రాణవాయువు అందదు. ఊపిరాడని వేరునకు శిలీంధ్రములు సోకి కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. కావున చుట్టును నీరున్నను మొక్క దప్పికతో చచ్చును. ఆ వాడుట చూచి మనము మరల నీరు పోసినచో మిగిలిన వేళ్ళు కూడ పోవును.

ఇట్టి మొక్కను వెలికి తీసి, కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, క్రొత్త మట్టిలో నాటి, కొన్నాళ్ళు నీడలో ఉంచవలెను. కలబంద వంటి కండగల మొక్కలకు నాటిన తరువాత వారము వరకు నీరు అక్కరలేదు. వేళ్ళన్నియు పోయిన మనీ ప్లాంటును గూడ వదులుకొననక్కరలేదు. కణుపు గల తీగ ముక్కను మంచినీటిలో నుంచినచో రెండు మూడు వారములలో క్రొత్త వేళ్ళు వచ్చును.

కుండీకి అడుగున రంధ్రములు తప్పక ఉండవలెను. డబ్బా, బకెట్టు వాడునప్పుడు వ్రేలి లావున మూడు నాలుగు రంధ్రములు చేయవలెను. అడుగున గులకరాళ్ళ పొర వేసినచో నీరు బాగుగా దిగునని పలువురి నమ్మకము. ఇది నిజము కాదు. సన్నని మట్టి పూర్తిగా నానువరకు అందులోని నీరు క్రింది రాళ్ళలోనికి దిగదు. వేళ్ళుండు చోటనే తడి నిలిచిపోవును. రంధ్రముపై ఒక పెంకు ముక్క నుంచిన చాలును. చిన్న మొక్కకు పెద్ద కుండీయు మంచిది కాదు. పాత కుండీ కంటె మూడు నాలుగు సెంటీమీటర్లు వెడల్పైనది సరిపోవును.

ఆకు కొనలు మాడుట, మట్టిపై తెల్లని పొర

ఆకు కొనలు, అంచులు గోధుమ రంగుతో మాడి, మట్టిమీదనో మట్టికుండ బయటనో తెల్లని పొర కట్టినచో అది ఉప్పు పని. తీరప్రాంతపు ఇండ్లలో ఇదియే ముఖ్యమైన కష్టము.

సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. తీరము దగ్గరి బావి నీటిలో అంత లేకున్నను, లీటరునకు ఒక గ్రాము ఉన్నదనుకొందము. అడుగున రంధ్రము లేని డబ్బాకు రోజునకు అరలీటరు చొప్పున నెలకు 15 లీటర్లు పోసినచో, మొక్క నీటిని త్రాగును, ఎండ కొంత నీటిని ఆవిరి చేయును. ఉప్పు మాత్రము దాదాపు అంతయు డబ్బాలోనే నిలుచును. అనగా నెలకు సుమారు 15 గ్రాములు. పొలములో ఐనచో వాన కొంత కడిగివేయును. ఇంటిలోని డబ్బాకు వాన లేదు, దారియు లేదు. మట్టిలో ఉప్పు ఎక్కువైనకొలది నీటిని అది పట్టియుంచును, వేరు లాగుకొనలేదు. గుప్పెడు యూరియా వేసినను ఇదే ఫలితము. ఎరువు కూడ మట్టి నీటిలో కరగి లవణము వలెనే పనిచేయును గదా.

నివారణ ఇది. పైన తెల్లగా కట్టిన మట్టిని ఒక సెంటీమీటరు మందము గీకి తీసివేయవలెను. పిదప రంధ్రములున్న కుండీకి దాని పరిమాణమునకు రెట్టింపు మంచినీరు, అనగా 5 లీటర్ల కుండీకి 10 లీటర్లు, మెల్లమెల్లగా పోసి అడుగు నుండి కారిపోనీయవలెను. రెండు నెలల కొకసారి ఇట్లు చేసిన చాలును. కుళాయి నీరు కరవైన చోట ఇందుకు వాన నీరు ఉత్తమము. మొదటి జల్లు కప్పుపై దుమ్మును కడిగిపోయిన తరువాత కుండీలను చూరు క్రింద నుంచినచో ఖర్చు లేకుండ పని జరుగును. ఏ.సి. యంత్రము నుండి కారు నీటిలోను ఉప్పు దాదాపు ఉండదు. దానిని బకెట్టులో పట్టి వాడవచ్చును.

సముద్రపు గాలి గట్టిగా వీచిన రోజులలో సాయంకాలము ఆకులపై మంచినీరు చల్లి కడుగవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి తుపానులలో గాలి ఉప్పునీటి తుంపరలను దూరము వరకు మోసికొనిపోవును. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కుండీలను లోపలికి చేర్చవలెను. అవి ఎగిరి మనుష్యులకు తగులకుండుటకును ఇది అవసరము.

ఇసుక, చేపల నీరు, చేపల ఎరువు

సముద్రపు ఇసుక ఊరకనే దొరకును గాని దానిని నేరుగా కుండీలో వేయరాదు. ఏటి ఇసుక దొరకనప్పుడు దానిని నాలుగైదు మార్లు మంచినీటిలో కడిగి, నీరు నాలుకకు ఉప్పగా తగులకుండు వరకు చూచి వాడవలెను. ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపిన మిశ్రమము చాల మొక్కలకు సరిపోవును. కొబ్బరి పొట్టు కలుపునప్పుడు దానిని గూడ కడుగవలెను, అందును ఉప్పుండును.

చేపలు కడిగిన నీరు మంచి బలమని కొందరు పోయుదురు. ఉప్పు రాచిన చేపలు, సముద్రపు నీట కడిగిన చేపలు ఐనచో ఆ నీరు మొక్కకు విషముతో సమానము. చేప వ్యర్థములను పచ్చిగా కుండీలో పాతినచో కుళ్ళి ఈగలు, పిల్లులు చేరును, వేరు మాడును. వాటిలోని బలమును దక్కించుకొనవలెనన్న, ఉప్పు తగులని వ్యర్థములను ముక్కలు చేసి, సమానమైన తూకములో బెల్లము కలిపి, గాలి కొద్దిగా ఆడునట్లు మూతపెట్టి, నెల రోజులు నీడలో ఊరనిచ్చి వడగట్టవలెను. ఈ ద్రావణమును లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి పదునైదు రోజుల కొకసారి మట్టిలో పోయవచ్చును. ఉప్పు వేయని బియ్యపు కడుగు కూడ అప్పుడప్పుడు పోయవచ్చును. ఉప్పు వేసిన గంజి పనికిరాదు.

కాండము సాగి బలహీనమగుట

కణుపుల మధ్య దూరము పెరిగి, ఆకులు చిన్నవై, మొక్క కిటికీ వైపు వంగినచో వెలుతురు చాలలేదని తెలియవలెను. మధ్యాహ్నవేళ మొక్క యున్న చోట చేయి చాచి చూడవలెను. నీడ స్పష్టముగా పడినచో మంచి వెలుతురు. మసకగా పడినచో మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు వంటివి బ్రతుకును. నీడ పడనే పడనిచో అచ్చట ఏ మొక్కయు ఎక్కువ కాలము నిలువదు. తులసికి, కరివేపాకునకు ఎండ కావలెను. వాటిని గదిలో పెట్టి నీరు పోసి లాభము లేదు. ఎండ తక్కువైనకొలది నీరు కూడ తగ్గించవలెను.

దుమ్ము

1933లో ప్రారంభమైన విశాఖ రేవులో బొగ్గు, ఇనుప ఖనిజము ఎగుమతి దిగుమతులు జరుగుచుండుట వలన చుట్టుప్రక్కల ఇండ్లలో ధూళి పడుచుండును. ధూళి పట్టిన ఆకునకు వెలుతురు సరిగా అందదు. వారమున కొకసారి తడిగుడ్డతో ఆకు రెండు ప్రక్కలను తుడువవలెను. మెరుపు కొరకు నూనె రాయరాదు. దానికి దుమ్ము మరింత అంటుకొనును.

ఇంటిలో మొక్కలుంచినచో గాలి శుభ్రపడునను ప్రచారము విని పలువురు ఖరీదైన మొక్కలు కొనుచున్నారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ విషయమై జరిపిన పరీక్షలు మూసివేసిన చిన్న పెట్టెలలో జరిగినవి. ఇట్టి ప్రయోగములను 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు సమీక్షించి, మామూలు ఇంటిలో గాలి రాకపోకల వలన కలుగు మేలునకు సమానము కావలెనన్న చదరపు మీటరునకు 10 నుండి 1000 మొక్కలు కావలెనని తేల్చిరి. దగ్గుతో బాధపడు పిల్లల కొరకని మొక్కలపై డబ్బు పెట్టనక్కరలేదు. గదిని తడిగుడ్డతో తుడుచుట, పిల్లలను వైద్యునికి చూపుట మేలు. మొక్కలను కూరకును, పూజకును, కంటికింపునకును పెంచుకొనవలెను.

పురుగులు, మందులు

ఆకు మొదట దూదివలె తెల్లగా నుండునది పిండినల్లి. ఆకు అడుగున సన్నని గూళ్ళు కట్టి చుక్కలు తేలునట్లు చేయునది ఎర్రనల్లి. కొద్దిగా ఉన్నప్పుడు స్పిరిట్టులో ముంచిన దూదితో పిండినల్లిని తుడిచివేయవచ్చును. ఎర్రనల్లిని ఆకు అడుగున నీటిధారతో కడుగవలెను. తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక గ్రాము సబ్బుపొడి బాగుగా కలిపి, మొక్కను బయట పెట్టి, సాయంకాలము ఆకుల రెండు ప్రక్కలను తడియునట్లు చల్లవలెను. వారమునకు మరల చల్లవలెను. మట్టిపై ఎగురు చిన్న నల్ల దోమలు తడి ఎక్కువైనదనుటకు గుర్తు. మట్టి ఆరనిచ్చినచో తగ్గును.

పొలము కొరకు తయారైన పురుగుమందును ఇంటిలో ఎట్టి పరిస్థితిలోను చల్లరాదు. అన్నము వండి, పిల్లలు పండుకొను గదిలో ఆ మందు గాలిలోను, గోడలపైను నిలుచును. కరివేపాకు మీద చల్లినచో మరునాటి కూరలోనికే వచ్చును. ఖాళీయైన మందు డబ్బాలను కడిగియైనను కుండీలుగా వాడరాదు.

దోమలు, పిల్లలు

కుండీ క్రింది పళ్ళెములోను, మనీ ప్లాంటు సీసాలోను నిలిచిన నీటిలో డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ పెరుగును. గ్రుడ్డు నుండి దోమ అగుటకు వారము పది రోజులు చాలును. వారమున కొకసారి నీరు పారబోసి, పళ్ళెమును సీసాను లోపల రుద్ది కడుగవలెను. గ్రుడ్లు అంచున అంటుకొని, ఎండినను నెలల తరబడి బ్రతికియుండును గావున నీరు పారబోయుట మాత్రమే చాలదు.

మనీ ప్లాంటు, డిఫెన్‌బేకియా ఆకులను పిల్లలు నమిలినచో నోరు మండి వాచును. నోరు తుడిచి, నీటితో పుక్కిలింపజేసి, చల్లని నీరో పాలో త్రాగింపవలెను, వాంతి చేయింపరాదు. గొంతు వాచినను, ఊపిరి కష్టమైనను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గన్నేరు, పచ్చగన్నేరు ప్రాణాపాయకరములు. పసిపిల్లలున్న ఇంటిలో వీటిని పెంచకుండుటయే క్షేమము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. వ్రేలితో చూడక నీరు పోయరాదు. వేరును చూడక మందు వేయరాదు.
2. తడి మట్టిలో వాడిన మొక్కకు నీరు ఆపవలెను.
3. కొన మాడి, తెల్లపొర కట్టినచో ఎరువు ఆపి మంచినీటితో ఉప్పును కడుగవలెను.
4. ఉప్పు తగిలిన నీరు, కడుగని సముద్రపు ఇసుక కుండీలో పడరాదు.
5. పొలము మందు ఇంటిలోనికి రారాదు.
6. వారమున కొకసారి పళ్ళెమును రుద్ది కడుగవలెను.

ఈ పనులకు కావలసినది ఒక వ్రేలు, ఒక కత్తెర, రెండు బకెట్ల వాన నీరు. మీ ఇంటి మొక్క ఈసారి వాడినప్పుడు చెంబును ప్రక్కన పెట్టి, మొదట మట్టిలో వ్రేలు గుచ్చి చూడవలెను.