ఓ మోస్తరు ఆటకి 40 గంటలా?

సినిమా నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేస్తాం. నవల నచ్చకపోతే నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేస్తాం. వీడియో గేమ్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. "ఎలా ఉందిరా ఆట?" అని అడిగితే, "ఏదో... ఫర్వాలేదమ్మా" అంటాడు పుత్రరత్నం. అంటూనే అన్నానికి నాలుగుసార్లు పిలిచినా కదలడు! బ్రహ్మాండమైన ఆటయితే కదలకపోవడంలో అర్థముంది. పనికిమాలిన ఆటయితే వాడే కట్టేసి లేస్తాడు. చిక్కంతా ఈ మధ్యరకం ఆటలతోనే. అందులోనూ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అనే రకంతో. ఎందుకంటే ఇవి ఒక్కోటీ పూర్తి కావాలంటే 20, 30, 40 గంటలు పట్టడం మామూలు.

కళ్ళు పాడవుతాయనీ, చదువు చెడుతుందనీ అందరూ చెప్పేదే మళ్ళీ ఇక్కడ చెప్పబోవడం లేదు. ఎటూ ఆడతారు. ఆడేదేదో మంచిదా, ఓ మోస్తరుదా అన్నది తల్లికి తెలిస్తే బాగుంటుంది కదా! గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకుని పాతవో కొత్తవో చెప్పేసే మనకి ఇది పెద్ద కష్టమేం కాదు.

ఇంతకీ ఏమిటీ ఆట?

రోల్ ప్లేయింగ్ అంటే వేషం కట్టడం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటని తీసుకొచ్చారు. దానికి కంప్యూటర్‌తో పని లేదు. నలుగురూ బల్ల చుట్టూ చేరి, ఒకరు వీరుడూ, ఒకరు మంత్రగాడూ అయిపోయి, పాచికలు వేసుకుంటూ కథ నడిపించేవారు. మన చిన్నప్పటి బొమ్మల పెళ్ళిలో ఒకరు మగపెళ్ళివారూ, ఒకరు పురోహితుడూ అయిపోయేవాళ్ళం చూడండీ, అలాగన్నమాట. 1981లో ఇదే పద్ధతిలో ‘అల్టిమా’, ‘విజర్డ్రీ’ అనే కంప్యూటర్ ఆటలు వచ్చాయి. వాటిని ఆడి ముచ్చటపడ్డ యూజీ హోరీ అనే జపాన్ ఆయన, అంత గజిబిజి లేకుండా ఇంట్లో టి.వి. ముందు కూర్చుని ఎవరైనా ఆడుకునేలా 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ తయారుచేశాడు.

ఇందులో మన పాత్రకి ప్రాణశక్తి, బలం, అనుభవం అన్నీ అంకెల్లో ఉంటాయి. రాక్షసుణ్ణి కొడితే కాస్త అనుభవం, కాస్త డబ్బు. అనుభవం పోగయిన కొద్దీ మెట్టు ఎక్కుతాం. దాన్నే లెవెల్ అంటారు. వైకుంఠపాళిలో నిచ్చెన దొరకడం అదృష్టం. ఇక్కడ కష్టపడ్డవాడికి నిచ్చెన ఖాయం, పామన్నదే లేదు! డ్రాగన్ క్వెస్ట్‌లో ఓడిపోతే చేతిలో ఉన్న డబ్బు సగం పోతుంది గానీ సంపాదించిన అనుభవం పోదు. పిల్లలకి ఇది ఎంతగా నచ్చిందంటే, 1988 ఫిబ్రవరిలో మూడో భాగం విడుదలైనరోజు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు వరస కట్టిన జపాన్ పిల్లల్ని పోలీసులు పట్టుకోవలసి వచ్చింది.

1990ల్లో మన ఊళ్ళల్లో టి.వి.కి తగిలించుకునే చవక వీడియో గేముల్లో ఇలాంటివి దాదాపు కనిపించేవి కావు. వీటికి బోలెడు రాత చదవాలి. ఆడినంతవరకూ దాచుకునే ఏర్పాటూ కావాలి. అందుకే ఇప్పటి అమ్మల్లో చాలామందికి చిన్నప్పుడు మారియో తెలుసు గానీ ఈ లెవెళ్ళ గొడవ తెలియదు. ఫోనుల్లోకి కూడా వచ్చేశాక పిల్లలకి మాత్రం బాగానే తెలుసు.

రుబ్బిందే రుబ్బడం

ముందుకెళ్ళాలంటే పెద్ద రాక్షసుడు అడ్డు. వాణ్ణి కొట్టే బలం మనకింకా లేదు. ఏం చెయ్యాలి? వెనక్కొచ్చి, చిన్న చిన్న రాక్షసుల్నే మళ్ళీ మళ్ళీ కొట్టి అనుభవం పెంచుకోవాలి. దీనికి ఆటగాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? గ్రైండింగ్! అచ్చంగా మన వంటింటి మాటే. రుబ్బిందే రుబ్బడం.

రుబ్బడం తప్పని కాదు. ఇడ్లీ కావాలంటే రుబ్బాలి మరి. మంచి ఆటలో కాసేపు రుబ్బాక ఇడ్లీ వస్తుంది. అంటే కొత్త ఊరో, కథలో మలుపో, మనసుకి పట్టే ఓ సంగతో ఎదురవుతుంది. ఓ మోస్తరు ఆటలో రుబ్బాక మళ్ళీ ఇంకో వాయి రుబ్బమంటారు. నీలం రంగు రాక్షసుడు పోయి అదే బొమ్మ ఎర్రరంగులో వస్తుంది. ఆ మాటకొస్తే మొదటి డ్రాగన్ క్వెస్టూ ఇలా రంగులు మార్చింది. కానీ అప్పుడు ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇరికించాలి. ఇప్పుడు మన ఫోనులో దిగే ఒక్క ఫొటోకి అంతకంటే ఎన్నో రెట్లు చోటు కావాలి. ఆనాడు గతిలేక చేసిన పనిని ఈనాడు అనుకోని చుట్టాలొచ్చినప్పుడు చారులో నీళ్ళు పోసి పెంచినట్టు గంటలు పెంచడానికి వాడుతున్నారు.

మరి విసుగొచ్చినా పిల్లలు ఎందుకు మానరు? అంకె పెరుగుతుంది కాబట్టి! బడిలో కష్టపడి చదివినా మార్కులు పెరుగుతాయో లేదో నమ్మకం లేదు. ఇక్కడ పావుగంట కూర్చుంటే 14వ లెవెల్ 15వది అవుతుంది. ఆట సంతోషపెట్టకపోయినా అంకె సంతోషపెడుతుంది. ఓ మోస్తరు ఆటల బలమంతా అక్కడే ఉంది.

ఒకే ఏడాది రెండు ఆటలు

మంచిదానికీ మోస్తరుదానికీ తేడా తెలియాలంటే 1992లో వచ్చిన రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ జపాన్‌లో తయారైనవే.

మొదటిది ‘డ్రాగన్ క్వెస్ట్ 5’. కథ వింటే మన సీరియల్ రచయితలు అసూయపడతారు. ఓ చిన్న పిల్లాడు తండ్రి వెంట ఊళ్ళు తిరుగుతుంటాడు. తల్లి జాడ లేదు. ఒకరోజు శత్రువులు పిల్లాణ్ణి పట్టుకుని మెడమీద ఆయుధం పెడతారు. కొడుకు ప్రాణం కోసం తండ్రి చెయ్యెత్తకుండా దెబ్బలు తిని, ఆ పిల్లాడి కళ్ళముందే చనిపోతాడు. తర్వాత పదేళ్ళు పిల్లాడికి బానిస బతుకు. తప్పించుకుని పెద్దవాడయ్యాక పెళ్ళి. ఇక్కడ ఆడేవాళ్ళే పెళ్ళికూతుర్ని ఎంచుకోవాలి! చిన్ననాటి స్నేహితురాలు బియాంకా ఒకవైపు, ధనవంతుల బిడ్డ ఫ్లోరా ఇంకోవైపు. ఫ్లోరాని చేసుకుంటే మామగారి నుంచి డబ్బూ కానుకలూ అందుతాయి. (కట్నం అనకండి, వాళ్ళ దేశంలో అలా అనరు కాబోలు!) ఏ అమ్మాయిని చేసుకున్నా కవల పిల్లలు పుడతారు, వాళ్ళ జుట్టు రంగు తల్లిది వస్తుంది. ఆ తర్వాత మన వీరుడు శాపంతో రాతిబొమ్మ అయిపోయి, ఎవరో కొనుక్కుంటే వాళ్ళ పెరట్లో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ నిలబడి ఉంటాడు. చివరికి ఎదిగిన కన్నపిల్లలే వచ్చి విడిపిస్తారు. అన్నిటికంటే పెద్ద విశేషం చెప్పనా? ఇన్నేళ్ళుగా అందరూ వెతుకుతున్న మహావీరుడు తను కాదు, తన కొడుకు. తండ్రి ఎత్తలేని కత్తిని ఆ పిల్లాడు ఎత్తుతాడు.

ఇందులోనూ రుబ్బుడు ఉంది. అంకెలున్నాయి. కానీ వాటి మధ్య ఒక జీవితం ఉంది.

"మీకింతే చాలు"

రెండోది ‘ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్’. దీన్ని తయారుచేసింది స్క్వేర్ అనే జపాన్ కంపెనీయే, కానీ ముందుగా అమ్మింది అమెరికాలో. అక్కడ ఈ రకం ఆటలకి అప్పట్లో గిరాకీ తక్కువ. అమెరికా పిల్లలకి ఇవి కష్టమనుకుని, కొత్తవాళ్ళ కోసం ప్రత్యేకంగా తేలిక చేసి, తక్కువ ధర పెట్టి ఇచ్చారు. బెంజమిన్ అనే కుర్రాడికి ఒక ముసలాయన కనబడి, నాలుగు స్ఫటికాల్ని కాపాడి లోకాన్ని రక్షించమంటాడు. వాడు సరేనంటాడు. కథ ఇంచుమించు ఇంతే. కొత్త కత్తి దొరికితే దానంతటదే చేతిలోకి వస్తుంది, ఎంచుకునే పని లేదు. తోడుగా ఒక్కరే ఉంటారు, వాళ్ళ యుద్ధం కూడా ఆటే చూసుకునేలా పెట్టుకోవచ్చు. దారిలో యుద్ధభూములని కొన్ని ఉంటాయి. ఒక్కో చోట 10 యుద్ధాలు, వరసగా. గెలిస్తే బహుమతి.

అలాగని తీసిపారేయడానికీ లేదు. సంగీతం హుషారుగా ఉంటుంది, ఇప్పటికీ దాన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు. దెబ్బలు తిన్న కొద్దీ రాక్షసుల బొమ్మలు మారుతూ వస్తాయి, పిల్లలకి భలే నవ్వొస్తుంది. ఓడిపోతే అదే యుద్ధం మళ్ళీ చెయ్యనిస్తారు. ఇంగ్లీషు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న ఎనిమిదేళ్ళ పిల్లకి మొదటి ఆటగా నిక్షేపంలా ఉంటుంది. అందుకే దీన్ని చెడ్డ ఆట అననివ్వను. ఓ మోస్తరు ఆట, అంతే.

నాకు బాధనిపించేది వేరే సంగతి. అదే ఏడాది డిసెంబర్‌లో ఈ కంపెనీవాళ్ళే జపాన్‌లో ‘ఫైనల్ ఫాంటసీ 5’ విడుదల చేశారు. అది పెద్ద ఆట, ఆలోచించి ఆడవలసిన ఆట. 1999 దాకా అమెరికాకి పంపలేదు. డ్రాగన్ క్వెస్ట్ 5 అయితే 2009కి గానీ అధికారికంగా ఇంగ్లీషులో రాలేదు. మంచి వంట వంటింట్లో పెట్టుకుని, "పిల్లలకి కారం ఎక్కువవుతుంది లెండి" అని పెరుగన్నం పెట్టి పంపినట్టయింది. తీరా 1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ మూడు డిస్కుల నిండా కథతో వెళ్తే, ఆ అమెరికా పిల్లలే ఎగబడి కొన్నారు. కథ మధ్యలో ఒక అమ్మాయి చనిపోతే ఏడ్చారు కూడా. లోపం పిల్లల్లో లేదన్నమాట. ఇంకో తమాషా! మిస్టిక్ క్వెస్ట్‌ని 1993లో ‘ఫైనల్ ఫాంటసీ యు.ఎస్.ఏ.’ అనే పేరు తగిలించి జపాన్‌లో అమ్మారు. సొంత ఇంటికే చుట్టపుచూపుగా వచ్చినట్టు!

ఇలాంటిదే 1998లో ‘క్వెస్ట్ 64’ అని ఒకటి వచ్చింది. నింటెండో 64 మీద ఈ రకం ఆటలు కరువు కాబట్టి దొరికిందే భాగ్యమని కొన్నారు. బ్రయన్ అనే అబ్బాయి కనిపించకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్తాడు. తండ్రి కోసం వెతకడం అక్కడా ఉంది, తల్లి కోసం వెతకడం ఇక్కడ చెప్పిన ఆటలోనూ ఉంది. కానీ బ్రయన్ ఒంటరిగా నడుస్తూనే ఉంటాడు. ఊళ్ళో వాళ్ళు తలా ఒక మాట చెప్పి ఊరుకుంటారు. డబ్బన్నదే లేదు, కావలసిన వస్తువు అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. చక్కటి ఆలోచనే. దాని చుట్టూ అల్లిన కథే లేదు.

ఏ ఆటో ఎలా తెలుసుకోవాలి?

మీరు ఆడక్కర్లేదు. మీ అమ్మాయో అబ్బాయో నాలుగురోజులు ఆడాక, కూర తరుగుతూ "కథేమిటో చెప్పు" అనండి. మంచి ఆటయితే మీ కత్తిపీట ఆగేదాకా చెబుతారు. "వాళ్ళ నాన్న ఎందుకు కొట్టలేదంటే..." అని మొదలెడతారు. ఓ మోస్తరు ఆటయితే, "నాలుగు స్ఫటికాలు తేవాలమ్మా, ఇప్పుడు రెండు తెచ్చా" అంటారు. అక్కడికి అయిపోతుంది. అంకెలు చెబుతున్నారా, మనుషుల గురించి చెబుతున్నారా అన్నది వింటే చాలు.

కొనేముందు యూట్యూబ్‌లో ఎవరైనా ఆడుతున్నది ఓ పావుగంట చూడండి. మొదటి గంట మాత్రం చూడకండి. పెళ్ళిచూపులకి పట్టుచీర కట్టినట్టు, మొదటి గంట అందరూ ముస్తాబు చేస్తారు. మధ్యలోది చూడండి. అక్కడ ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, లేక కొట్టిందే కొడుతున్నారా తెలిసిపోతుంది.

ఇంట్లో ఇప్పటికే ఓ మోస్తరు ఆట నడుస్తుంటే కంగారుపడి లాక్కోకండి. పరీక్షలయ్యాకో, జ్వరం తగ్గి మంచంమీద ఉన్నప్పుడో తేలికపాటిది ఒకటి ఆడితే తప్పేం లేదు, రోజూ పులిహోరే తినం కదా! అది అవ్వగానే అలాంటిదే ఇంకోటి కొనివ్వమన్నప్పుడు మాత్రం ఆగండి. అప్పుడు మంచిదాని పేరు చెప్పండి. డ్రాగన్ క్వెస్ట్ 5 ఫోనుల్లో కూడా దొరుకుతుంది. తెలుగులో లేదు, ఇంగ్లీషు చదువుకోవాలి, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. మొదట్లో చదవలేని మాటలు మీరు పక్కన కూర్చుని చదివిపెడితే పెళ్ళికూతురి ఎంపికలో మీకూ ఓ ఓటుంటుంది.

ఒక్క సంగతి. "ఒక్క నిమిషం అమ్మా, సేవ్ చేసి వస్తా" అన్నది ప్రతిసారీ సాకు కాదు. మిస్టిక్ క్వెస్ట్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు. 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5లో మాత్రం ఊళ్ళోకి తిరిగొచ్చి చర్చికెళ్ళి దాచుకోవాలి. గుహ మధ్యలో ఉండగా స్విచ్చి కట్టేస్తే గంట కష్టం గంగపాలే. అలాంటి ఆట ఆడుతుంటే, పళ్ళేలు పెట్టడానికి పది నిమిషాల ముందే ఓ కేక వేయండి.