కోనసీమ గట్లపై పరుగు

పరుగుబాట యనగానే నేటి క్రీడాలోకమున ముందుగా స్ఫురించునది పర్వతముల నడిమి లోయ. ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములలో, ఫ్రాన్సు దేశమున షామొనీ యను ఊరు కలదు. ఆ ఊరే సముద్రమట్టమునకు వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. మోంబ్లాం శిఖరమును చుట్టివచ్చు దూరపు పరుగుపందెము 2003వ సంవత్సరమున అచ్చట ప్రారంభమైనది. దాని నిడివి సుమారు 170 కిలోమీటర్లు; దారిలో ఎక్కవలసిన ఎత్తులన్నియు కూడినచో పదివేల మీటర్ల వరకు వచ్చును. స్విట్జర్లాండులో సియేర్ నుండి జినాల్ వరకు సాగు 31 కిలోమీటర్ల పందెము 1974 నాటినుండి వచ్చుచున్నది. మన రాష్ట్రమున ఆ తీరు బాటలు కోరువారు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయకు పోవలెను.

మరి కోనసీమవారి మాటయేమి? కొత్తపేట నుండి అమలాపురము మీదుగా రాజోలు వరకు పోయినను కొండ కాదుగదా, చిన్న గుట్టయైనను కంటబడదు. ఈ సీమ సమస్తమును గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టియే. అయినను తెల్లవారకమున్నే బయలుదేరి చూచినచో ఇచ్చటను పరుగెత్తువారు కానవత్తురు. వారి బాటలు ఏటిగట్లు, కాలువగట్లు. ఆ బాటల స్వభావమెట్టిది, వానిపై పరుగెత్తువారు ఏమేమి తెలిసికొనవలెను అను విషయములను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

కొండబాటను కొండయే నిర్ణయించును. నీరు పారిన వాలు, పశువులు త్రొక్కిన జాడ, మనుష్యులు నడచిన త్రోవ కలిసి అది ఏర్పడును. కోనసీమలోని గట్టు అట్టిది కాదు. అది మనుష్యుల చేతిపని. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నిర్మాణము 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న ఈ మధ్యడెల్టాకు బొబ్బర్లంక వద్దనుండి నీరు వచ్చును. కాలువ త్రవ్విన మట్టి ప్రక్కన పోయగా అది గట్టయినది. వరదను ఊళ్లపైకి రానీయకుండ నదిపొడవునను మట్టి పోయగా అది ఏటిగట్టయినది. వైనతేయ పాయకు ఆవలనున్న భూములకు నీరందించుటకై గన్నవరము వద్ద నదిమీదుగనే కాలువను దాటించిరి. నాటి ఆ అక్విడక్టు స్థానమున తరువాత కట్టిన క్రొత్తదానికి అన్నదాతగా పేరుగాంచిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

పరుగునకు ఇట్టి గట్టు మిక్కిలి అనుకూలమైనదిగా తోచును. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఒక ప్రక్క నీరు, రెండవ ప్రక్క కొబ్బరితోటలు, వరిచేలు. కాని చదునుదారి సులభమైన దారి యనుకొనుట పొరపాటు. కొండదారిలో ఎక్కునపుడొక కండరము, దిగునపుడు వేరొక కండరము పనిచేయును. అడుగునడుగునకు కాలి తీరు మారును. చదునుదారిలో అట్లు కాదు. గంటసేపు పరుగెత్తినచో ఇంచుమించు పదివేల అడుగులు ఒకే తీరున పడును. పనిచేసినదే మరల పనిచేయుటచే పిక్కలు, మడమ వెనుకటి నరము, మోకాటి క్రింది ఎముక నొచ్చును. అందులకు విరుగుడు వేగమును మార్చుచుండుటయే. కొంతదూరము పరుగు, కొంతదూరము నడక, నడుమ కొద్దిసేపు వడి. లాకు వచ్చినప్పుడెల్ల నడచి, వంతెన వచ్చినప్పుడెల్ల వడి పెంచుడని మేము క్రొత్తవారికి చెప్పుచుందుము.

గట్టునడుమ ఎత్తుగను అంచులు వాలుగను ఉండును. అంచునబడి పరుగెత్తినచో ఒక కాలు మెరకను, ఒక కాలు పల్లమును త్రొక్కును. నెల తిరుగునప్పటికి తుంటియో మోకాలో పట్టివేయును. కావున వీలైనంతవరకు నడుమనే పరుగెత్తవలెను. వాహనములు తిరుగు గట్టయినచో ఏ అంచున పోయిరో తిరుగుదలను ఆ అంచుననే వచ్చినచో భారము రెండు కాళ్లకును సమముగ పంచబడును. సిమెంటు వేసిన గట్టుకంటె మట్టిగట్టు కాళ్లకు మెత్తన. కాని వాన కురిసిన మరునాడు ఈ నల్లమట్టి సబ్బువలె జారును.

ఇక ముఖ్యవిషయమునకు వత్తుము. ఆల్ప్సు లోయలో పరుగెత్తువానికి ఎదురు నిలుచునది ఎత్తు. రెండువేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో ఐదింట నాలుగు వంతులే. కోనసీమలో ఎదురు నిలుచునది గాలిలోని తేమ. పరుగునందు శరీరము వెచ్చించు శక్తిలో మూడువంతులకు పైగా వేడిగా మారును. ఆ వేడిని బయటికి పంపు సాధనము చెమట. అయితే చెమట పట్టినంతమాత్రమున శరీరము చల్లబడదు. పట్టిన చెమట ఆవిరి కావలెను. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని కొనిపోవును. అదే చెమట ఒంటినుండి బొట్లుబొట్లుగా నేలరాలినచో ఆ మేలు దక్కదు. ఉతికిన బట్ట వానకారు దినములలో ఎందుకారదో, గట్టుమీద చొక్కా తడిసి ముద్దయైనను ఒళ్లెందుకు చల్లబడదో, రెంటికిని కారణమొక్కటే.

కనుక ఎండ లేదుగదా యని ధైర్యపడరాదు. వేకువజామున ఎండ ఉండదు. కాని గాలిలో తేమ పాలు హెచ్చుగ ఉండు వేళయు అదియే. అయినను వేడిమి తక్కువగుటచే పరుగునకు ఆ వేళయే మేలు. వేసవిలో సూర్యుడు పైకి వచ్చునప్పటికి పరుగు ముగించి యుండవలెను. గడియారము చూచుకొని నిన్నటి వేగమే నేడును రావలెనని పట్టుబట్టుట మంచిది కాదు. ఉక్కపోసిన దినమున ప్రక్కవానితో మాటాడుచు పోగల వేగమే సరియైన వేగము. శరీరము వేడికి అలవాటుపడుటకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. చల్లని ఊళ్లనుండి సెలవులకు వచ్చినవారు మొదటి వారము సగము దూరముతోనే తృప్తిపడవలెను.

దాహమునకు కోనసీమలో కొబ్బరిబొండమునకు కొదవ లేదు. కొబ్బరినీట పొటాషియము పుష్కలము. కాని చెమటతో ముఖ్యముగ పోవునది సోడియము, అనగా ఉప్పు. అది కొబ్బరినీట స్వల్పము. గంటకు మించి పరుగెత్తి వచ్చినవారు బొండముతోపాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగిన లోటు తీరును. ఉప్పు లేకుండ నీరు మాత్రమే బిందెలకొలది త్రాగుటయు ప్రమాదమే. రక్తమున సోడియము పడిపోయి తల తిరుగుట, వాంతులు కలుగును. దాహమైనంత త్రాగుట చాలును. రక్తపుపోటునకు మందు వాడువారును, మూత్రపిండముల జబ్బు గలవారును ఉప్పు విషయమునను, బొండముల విషయమునను వైద్యుని అడిగి నడచుకొనవలెను.

ఇదంతయు వినోదమునకు పరుగెత్తువారికొరకు మాత్రమే కాదు. సైన్యమునందు గాని పోలీసుశాఖయందు గాని చేరగోరు యువకులకు 1600 మీటర్ల పరుగు పరీక్ష కలదు. ఎంపిక తేదీ దగ్గరపడినకొలది వారు రెండు పూటల సాధనకు దిగుదురు. ఒకని జీవనోపాధి కొన్ని సెకనులపై ఆధారపడినప్పుడు నిలిచిపొమ్మను మాట చెవికెక్కదు. అందుచేతనే ఇంటిలోని పెద్దలకు ఈ మాట చెప్పుచున్నాము. పరుగెత్తువాడు తూలినను, తడబడి మాటాడినను, పొంతనలేని సమాధానములు చెప్పినను అది అలసట యని ఊరకుండరాదు, వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు నీటితో తడుపుచు విసరవలెను. స్పృహ సరిగా లేనివానికి నోట నీరు పోయరాదు. 108కి కబురుచేసి, వాహనము వచ్చువరకు చల్లబరచుట మానరాదు. ప్రక్కనే కాలువ పారు ఈ సీమలో నీటికి వెదకులాడ నవసరము లేదు.

చదునునేలవారికి కఠినమైన పరుగు తెలియదనువారు కనుమనాడు అంబాజీపేట చేరువనున్న జగ్గన్నతోటకు రావలెను. ఏకాదశరుద్రులు కొలువుదీరు ఆ ప్రభల తీర్థమునకు గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారములవారు తమ ప్రభలను భుజములపై మోయుచు కౌశికలో దిగి, పొలములకడ్డముగా తెచ్చుదురు. ప్రభ ఒరుగరాదు, మోయువారి అడుగులు కలియవలెను, కాళ్లక్రింద నీరు, బురద. కొండవాలును దిగు పరుగుగానికి ఎంతటి కాలిపట్టు కావలెనో వీరికిని అంతటి పట్టు కావలెను. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా నిలిచినది ఈ ప్రభల తీర్థమే.

బాటపై గమనింపవలసిన చిన్న విషయములును కలవు. గట్లలోని బొరియలలో రక్తపింజర, నాగుబాము ఉండును. చీకటివేళ దీపము లేక పోరాదు. కొబ్బరిచెట్ల క్రింద నిలిచి కాళ్లు చాపుకొనుట క్షేమము కాదు. చెవులను పాటలతో మూసికొన్నవారికి వెనుక వచ్చు మోటారుసైకిలు వినబడదు. ఆడపిల్లలైనను, మగపిల్లలైనను ఇద్దరు ముగ్గురు కలిసి పోవుట మేలు.

చివరగ, ఈ బాటకును కొండబాటకును గల పెద్ద భేదమును మరువరాదు. కొండబాట చెడినచో నడచువారికే కష్టము. ఏటిగట్టు చెడినచో ఊరికే ముప్పు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినది. గట్లకు గండ్లు పడి లంకలతోపాటు గట్టులోపలి ఊళ్లును మునిగినవి. 2022 జూలైలో 25 లక్షలకు మించి వచ్చినప్పుడు ఊరిజనము రాత్రింబవళ్లు గట్లను కాచుకొనిరి. కావున నీటిమట్టము పెరుగుచున్నప్పుడు గట్టు పరుగునకు తగిన చోటు కాదు. ధవళేశ్వరము వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇత్తురు. మొదటి హెచ్చరిక రేడియోలో విన్ననాడే పరుగును ఊరిలోని మైదానమునకు మార్చుకొనవలెను. ఇసుకబస్తాలు మోయువారికి దారి విడుచుట అప్పటి ధర్మము.

మిగిలిన దినములలో మాత్రము పరుగెత్తువారివలన గట్టునకు మేలే కలుగును. ప్రతిదినము ఒకే గట్టుపై పోవువానికి దాని ప్రతి మలుపును పరిచితము. నిన్న లేని బొరియ, నిన్న లేని చెమ్మ, వాలున క్రొత్తగా జారిన మట్టి ముందుగా అతనికే కంటబడును. తోటవైపున ఊట కనబడి అందు బురదనీరు వచ్చుచున్నచో గట్టులోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. అట్టిది చూచినవారు ఆ పూటనే కాలువ లస్కరుకు గాని, నీటిపారుదలశాఖ వారికి గాని, గ్రామసచివాలయమునకు గాని తెలుపవలెను. వానకారు రాకమున్నే చెప్పిన మాటకు బుట్టెడు మట్టితో పని తీరును.