సులువు స్థాయి ఉంటే వీడియో గేమ్‌కు మేలా, కీడా?

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2019 మార్చిలో ‘సెకిరో: షాడోస్ డై ట్వైస్’ అనే వీడియో గేమ్‌ను విడుదల చేసింది. అందులో సులువు, కష్టం అంటూ స్థాయిని ఎంచుకునే వీలు లేదు. దాంతో పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఆటలో సులువు స్థాయిని చేర్చితే ఆట మెరుగవుతుందా, చెడుతుందా?

ఇది కొత్త సడలింపా?

కాదు. 1977లో అమెరికాలో విడుదలైన అటారీ 2600 యంత్రంపైనే ఇద్దరు ఆటగాళ్లకు వేర్వేరుగా కష్టాన్ని మార్చే మీటలు ఉండేవి. 1993లో వచ్చిన ‘డూమ్’లో ఐదు స్థాయిలున్నాయి.

అభ్యంతరం ఏమిటి?

వ్యతిరేకుల వాదనను కొట్టిపారేయలేం. శత్రువు కత్తివేటును సరైన క్షణంలో అడ్డుకోవడమే సెకిరోకు ప్రాణం. ఓడిన ప్రతిసారీ ఆటగాడు ఆ లయను కొంత నేర్చుకుంటాడు. శత్రువు బలాన్ని సగానికి తగ్గిస్తే లయ పట్టుబడకుండానే గెలుపు దక్కుతుంది. అంకెలను మాత్రమే మార్చే సులువు స్థాయితో ఈ ప్రమాదం ఉన్నమాట నిజమే.

అందరికీ కష్టం ఒకటేనా?

ఆట ఒకటే అయినా ఆడే చేతులు ఒకటి కావు. చేతివేళ్లు చురుగ్గా కదలనివారికి, చూపు మందగించినవారికి అదే అడ్డంకి దాటలేని గోడ అవుతుంది. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ దీనికొక మార్గం చూపింది. కొండ ఎక్కే యువతి కథ అది. అందులోని ‘అసిస్ట్ మోడ్’తో ఆట వేగాన్ని 10 శాతం చొప్పున సగం వరకు తగ్గించుకోవచ్చు. పాత్రకు అలసట లేకుండా చేసుకోవచ్చు. కొండదారి మాత్రం మారదు. రూపకర్తలు దీనికి మొదట ‘చీట్ మోడ్’ అని పేరు పెట్టుకుని, తర్వాత మార్చారు. మోసం అన్న మాట స్థానంలో సాయం అన్న మాట రావడం చిన్న విషయం కాదు.

2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో చూపు, వినికిడి, కదలికలకు సంబంధించి 60కి పైగా సర్దుబాట్లు ఉన్నాయి. చూపు లేనివారూ ధ్వని సంకేతాల ఆధారంగా ఆడేందుకు అవి తోడ్పడ్డాయి.

తేడా ఎక్కడుంది?

ఫ్రమ్‌సాఫ్ట్‌వేరే 2022లో తెచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లోనూ స్థాయిల పట్టిక లేదు. కానీ ఆటగాడు సహాయకులను పిలుచుకోవచ్చు, మరోచోట తిరిగి బలం పుంజుకుని రావచ్చు. అంటే సులువు దారి ఆటలోనే ఇమిడి ఉంది.

కాబట్టి సులువు స్థాయి ఉండాలా వద్దా అన్నదానికన్నా, దేన్ని సులువు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ఆట నేర్పదలచిన దాన్ని తీసేస్తే నష్టం. దాన్ని నేర్చుకునేందుకు మరికొంత వ్యవధి ఇస్తే లాభం. కష్టాన్ని కోరుకునేవారికి ఆ కష్టం ఎలాగూ అక్కడే ఉంటుంది.