పాత రంపాన్ని తూకానికి అమ్మొద్దప్పా

మా కనగానపల్లి తట్టు పాత సామాన్ల బండి వస్తే, తాతల కాలం రంపం కూడా ఇనుము లెక్కన తూకానికి పోతాంది. తుప్పు పట్టింది కదా అని ఇచ్చేస్తాండారు. ఇచ్చే ముందు ఆ రేకును ఎట్లా చేసింటారో తెలుసుకోండి.

ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజు మాదిరి పెళుసు. దాన్ని మళ్లా సుమారు 300 డిగ్రీల వేడికి తెచ్చి చల్లారనిస్తారు. ఇదే టెంపరింగ్. ఈ వేడి తక్కువైతే పండ్లు విరుగుతాయి, ఎక్కువైతే రెండు మొద్దులకే మొద్దుబారతాయి. మంచి పాత రంపం పదును నిలుపుకుంటుంది, అయినా ఆకురాయికి లొంగుతుంది. ఆ నడిమి చోటు పట్టడమే పనితనం.

రెండోది సాన. పచ్చి వేపమొద్దు కోస్తాంటే గాడిలో రేకు ఇరుక్కుంటుంది. అందుకే పండ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచుతారు. పాత మంచి రంపాల్లో రేకును పండ్ల కాడ మందంగా ఉంచి, వీపు వైపు పల్చగా సానబట్టినారు. వీపు పల్చనైతే పండ్లకు కొంచెం వంపే చాలు. గాడి సన్నం, పొట్టు తక్కువ, రెట్టకు నొప్పి తక్కువ. పొద్దస్తమానం కోసే మనిషికి అదేం చిన్న సంగతి కాదు! ఇంగ్లండులోని షెఫీల్డ్, 1840లో అమెరికాలో హెన్రీ డిస్టన్ పెట్టిన కంపెనీ పేరు తెచ్చుకున్నది ఇట్లాంటి పనితోనే.

ఉక్కు మనకేం కొత్త కాదు. నిజామాబాద్ తట్టు కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వ్యాపారులే వచ్చేవాళ్లు. అది కత్తులకు పేరుపడిన ఉక్కు. పల్చని రంపం రేకు కథ వేరే.

ఇప్పటి అంగడి రంపాలు చానావాటికి పండ్ల కొనలు నల్లగా ఉండాయి చూడండి. కరెంటుతో రెప్పపాటులో కొనల్ని మాత్రం గట్టిచేసింటారు. కొత్తలో బాగా కోస్తాయి, ఒప్పుకోవాల. మొద్దుబారినాక ఆకురాయి జారిపోతుంది. పారేసి ఇంకోటి కొనాల్సిందే. పదును పెట్టడం తెలిసిన వడ్రంగికి ఆ విద్యతో పనిలేకపాయె, ఖర్చు మాత్రం మిగిలె.

2023లో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా వోచర్ ఉంది. రంపం తీసుకునేటప్పుడు ముందు ఆ కొనలు చూడండి.

ఇంట్లో పాతది ఉంటే రేకును మెల్లగా విల్లు మాదిరి వంచి వదలండి. నేరుగా వచ్చి నిలబడితే టెంపరింగ్ బతికున్నట్టే. పిడి పోయింటే కొత్తది ఏయించుకోవచ్చు. తుప్పు మాత్రం మట్టుకాయితంతో మెల్లగా రుద్దండి. మంటలో పెడితే ఆ టెంపరింగ్ పోయినట్టే.