క్రిస్ పాల్ బేరాన్ని ఆపింది యజమానా, పెద్దమనిషా?

లాస్ ఏంజెలెస్ వైపు ఉండే మన తెలుగువాళ్ళలో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళ దగ్గర "2011 డిసెంబరు 8" అని ఒక్కసారి అని చూడండి. ఆ పూట ఇక వేరే మాట నడవదు. ఆ రోజు క్రిస్ పాల్ లేకర్స్ జట్టులోకి వచ్చేశాడన్నారు, కొద్ది గంటల్లోనే రావటం లేదన్నారు. "స్టర్న్ అన్యాయం చేశాడు" అని ఒకరంటే, "బాగానే చేశాడు, ఎప్పుడూ లేకర్సే గెలవాలా?" అని మరొకరంటారు. ఇన్నేళ్ళయినా ఆ తగవు తెగలేదు. మనలో చాలామంది క్రికెట్‌తో పెరిగి, ఇక్కడికి వచ్చాక పిల్లల పుణ్యమా అని బాస్కెట్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్ళమే. అలాంటివారికి ఈ గొడవ ఏమిటో, ఎందుకంత వేడో చెప్పటానికే ఈ వ్యాసం.

ముందుగా ట్రేడ్ అంటే ఏమిటి?

ఎన్.బి.ఏ.లో ఒక జట్టు తన ఆటగాడిని ఇంకో జట్టుకు ఇచ్చి బదులుగా వేరే ఆటగాళ్ళను తెచ్చుకోవటాన్ని ట్రేడ్ అంటారు. ఆటగాడితో పాటు అతని కాంట్రాక్టు కూడా కొత్త జట్టుకు వెళ్తుంది. సాధారణంగా ఆటగాడి అనుమతి అక్కరలేదు. ఉదయం ఒక ఊళ్ళో ప్రాక్టీసు చేసినవాడు సాయంత్రానికి ఇంకో ఊరికి పెట్టె సర్దుకోవలసిందే!

దీనికి కొన్ని లెక్కలున్నాయి. జట్టు జీతాల మొత్తానికి శాలరీ క్యాప్ అనే హద్దు ఉంటుంది. 2011-12 సీజనుకు అది సుమారు 5 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆ హద్దు దాటిన జట్టు ట్రేడ్ చేయాలంటే ఇచ్చే జీతాలు, తెచ్చుకునే జీతాలు దాదాపు సరిపోవాలి. ఇంకా పైకి, అంటే ఆ ఏడాది 7 కోట్ల డాలర్ల చిల్లర దాటితే, దాటిన ప్రతి డాలరుకు ఇంకో డాలరు లగ్జరీ టాక్స్‌గా అప్పట్లో లీగుకు కట్టవలసి వచ్చేది. ఐపీఎల్ చూసేవారికి ఇది కొంత పరిచయమే. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటన్స్ నుంచి ముంబై ఇండియన్స్‌కు వెళ్ళింది కూడా ట్రేడ్ పద్ధతిలోనే.

యజమాని లేని జట్టు

ఇప్పుడు అసలు కథ. న్యూ ఆర్లీన్స్ హార్నెట్స్ అని ఒక జట్టు ఉండేది. 2002లో షార్లెట్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు వచ్చింది. 2005లో కత్రినా తుఫాను ఆ నగరాన్ని ముంచేసినప్పుడు రెండు సీజన్లు ఎక్కువ ఆటలు ఓక్లహోమా సిటీలో ఆడవలసి వచ్చింది. ఆ 2005లోనే డ్రాఫ్ట్‌లో నాలుగవ ఎంపికగా జట్టులో చేరినవాడు క్రిస్ పాల్. కొద్ది సంవత్సరాల్లోనే ఆ ఊరికి బాస్కెట్‌బాల్ అంటే పాల్ అన్నంతగా ఎదిగాడు.

యజమాని జార్జ్ షిన్ జట్టును నడపలేని పరిస్థితికి వచ్చాడు. కొనేవాడు సరిగ్గా దొరకలేదు. తుఫానుకు కుదేలైన ఊరి నుంచి జట్టు కూడా వెళ్ళిపోతే బాగుండదని 2010 డిసెంబరులో లీగే ఆ జట్టును కొనేసింది. లీగు అంటే ఎవరు? మిగతా 29 జట్ల యజమానులే. అంటే హార్నెట్స్‌తో పోటీ పడే ప్రతి జట్టు యజమానికీ హార్నెట్స్‌లో ఒక వాటా ఉన్నట్టే. లేకర్స్ యజమాని జెర్రీ బస్‌కూ ఉంది, క్లీవ్‌లాండ్ యజమాని డాన్ గిల్బర్ట్‌కూ ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా గొడవంతా ఇందులోంచి పుట్టిందే.

ఇంకో పక్క పాల్ కాంట్రాక్టు ప్రకారం 2012 వేసవిలో బయటికి వెళ్ళిపోవచ్చు. ఉండటానికి అతనికి ఇష్టం లేదని తెలిసిపోయింది. అతను ఊరికే వెళ్ళిపోతే జట్టుకు మిగిలేది సున్నా. కాబట్టి జనరల్ మేనేజర్ డెల్ డెంప్స్ బేరం మొదలుపెట్టాడు.

ఆ గురువారం ఏం జరిగింది?

2011లో యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య పెద్ద లాకౌట్ నడిచింది. జులై 1న మొదలై నెలల తరబడి సాగింది. ఆదాయంలో ఆటగాళ్ళ వాటా 57 శాతం నుంచి సుమారు 50 శాతానికి తగ్గింది. చిన్న నగరాల జట్లు కూడా పెద్ద నగరాలతో సమానంగా పోటీపడాలన్నది యజమానులు బయటికి చెప్పిన కారణం. అంతకు ముందు ఏడాదే లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ను వదిలి మయామీకి వెళ్ళాడు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కొత్త ఒప్పందానికి ఆమోదముద్ర పడింది డిసెంబరు 8న. సరిగ్గా అదే రోజు మూడు జట్లు కలిసి ఈ బేరం కుదుర్చుకున్నాయి:

క్రిస్ పాల్ లేకర్స్‌కు. లేకర్స్ నుంచి పావ్ గసోల్ హ్యూస్టన్ రాకెట్స్‌కు. హార్నెట్స్‌కు లేకర్స్ నుంచి లమార్ ఓడమ్, హ్యూస్టన్ నుంచి లూయిస్ స్కోలా, కెవిన్ మార్టిన్, గొరాన్ డ్రాగిచ్, ఒక మొదటి రౌండు డ్రాఫ్ట్ ఎంపిక.

వార్త బయటికి వచ్చింది. కోబీ బ్రయంట్ పక్కన క్రిస్ పాల్ అని లేకర్స్ అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ సాయంత్రమే లీగు కమీషనర్ డేవిడ్ స్టర్న్ కార్యాలయం ఈ బేరానికి ఒప్పుకోలేదని తెలిసింది. ఏమిటయ్యా కారణం అంటే, "బాస్కెట్‌బాల్ కారణాలు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు.

డాన్ గిల్బర్ట్ స్టర్న్‌కు రాసిన ఈమెయిల్ కూడా బయటపడింది. బేరంలో అందరికంటే గొప్ప ఆటగాడిని తీసుకుంటూనే లేకర్స్ జీతాలు, టాక్సు కలిపి 4 కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకుంటున్నదని, దీన్ని హార్నెట్స్ యజమానులైన 29 మంది ఓటుకు పెట్టాలని అందులో ఉంది. ఈ ఉత్తరం వల్లే బేరం ఆగిందని చాలామంది నమ్మారు. యజమానుల ఒత్తిడి లేదని లీగు అంటూ వచ్చింది.

బేరాన్ని మార్చి మళ్ళీ ప్రయత్నించారు, కుదరలేదు. లేకర్స్ తప్పుకుని ఓడమ్‌ను డల్లస్‌కు పంపేసింది. డిసెంబరు 14న పాల్ వెళ్ళింది లాస్ ఏంజెలెస్‌కే, కానీ క్లిప్పర్స్‌కు! అప్పట్లో అదే స్టేడియంలో ఆడిన పక్కింటి జట్టుకు. బదులుగా హార్నెట్స్‌కు ఎరిక్ గోర్డన్, క్రిస్ కేమన్, అల్-ఫరూక్ అమీను, మిన్నెసోటా జట్టుకు చెందిన మొదటి రౌండు ఎంపిక వచ్చాయి.

మూడు పక్షాలు

అభిమానుల వాదనలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటి పక్షం లేకర్స్ వాళ్ళది. మూడు జట్ల మేనేజర్లు నియమాల ప్రకారం బేరం చేసుకున్నారు, జీతాల లెక్క సరిపోయింది, మధ్యలో కమీషనర్ ఎవరు? ఓడమ్ అంతకు ముందు సీజనులో ఉత్తమ సిక్స్త్ మ్యాన్, స్కోలా, మార్టిన్ నిలకడగా పాయింట్లు తెచ్చేవాళ్ళు. వెళ్ళిపోబోయే ఆటగాడికి ఇంతకంటే ఏం వస్తుంది? ఇదీ వాళ్ళ ప్రశ్న.

రెండవ పక్షం చిన్న ఊళ్ళ జట్లది. ఐదు నెలలు లాకౌట్ చేసింది దేనికి? ఒప్పందం మీద సిరా ఆరకముందే పెద్ద ఊరి జట్టు ఇంకో తారను ఎగరేసుకుపోతే ఆ లాకౌట్‌కు అర్థమేముంది?

మూడవ పక్షం స్టర్న్ స్వయంగా చెప్పుకున్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ ఇందులో బలం ఉంది. ఆయన మాట ఏమిటంటే, నేను కమీషనర్‌గా వీటో చేయలేదు, హార్నెట్స్ యజమాని తరఫున ఒప్పుకోలేదు, అంతే. ఏ జట్టులోనైనా మేనేజర్ తెచ్చిన బేరానికి యజమాని వద్దనవచ్చు. పెళ్ళి సంబంధం మధ్యవర్తి కుదిర్చినా, ఇంటిపెద్ద ఊఁ అంటేనే కదా తాంబూలాలు!

జట్టును అమ్మబోయే యజమానిగా చూస్తే ఆయన లెక్క కూడా తీసిపారేయదగినది కాదు. ఓడమ్‌కు అప్పుడు 32 ఏళ్ళు, స్కోలాకు 31, మార్టిన్‌కు 28. వీళ్ళతో జట్టు అటు గెలవదు, ఇటు పూర్తిగా ఓడి మంచి డ్రాఫ్ట్ ఎంపికా తెచ్చుకోదు. గోర్డన్‌కు 22, అమీనుకు 21. కొనేవాడికి కుర్రవాళ్ళూ, డ్రాఫ్ట్ ఎంపికలూ ఉన్న జట్టే ముద్దు.

మరి తప్పెక్కడ?

నా లెక్కలో స్టర్న్ వద్దనటం తప్పు కాదు. వద్దన్నది ఏ హోదాలోనో ముందుగా ఎవరికీ తెలియకపోవటం తప్పు. డెంప్స్‌తో మాట్లాడుతున్న లేకర్స్, హ్యూస్టన్ జట్లు అతని మాటే చివరి మాట అనుకున్నాయి. అనుకోబట్టే తమ ఆటగాళ్ళను బజారులో పెట్టాయి. తన పేరు బేరంలో ఉందని తెలిసిన ఓడమ్ మనసు విరిగిపోయింది. డల్లస్‌లో అతని ఆట మునుపటిలా లేదు. ఆఖరి మాట యజమానిదే అని ముందే చెప్పి ఉంటే ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు.

దీనికి బేస్‌బాల్‌లో రెండు మంచి పోలికలున్నాయి. 1976లో ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ తన జట్టులోని ముగ్గురు మేటి ఆటగాళ్ళను మొత్తం 35 లక్షల డాలర్లకు బోస్టన్, న్యూయార్క్ జట్లకు అమ్మబోతే, కమీషనర్ బౌయీ కూన్ ఆట శ్రేయస్సు పేరుతో రద్దు చేశాడు. ఫిన్లీ కోర్టుకెక్కి ఓడిపోయాడు. నచ్చినా నచ్చకపోయినా అక్కడ కూన్ హోదా స్పష్టం. ఆయన తగవు తీర్చే పెద్దమనిషి, ఓక్లాండ్‌లో ఆయనకు వాటా లేదు.

రెండవది ఇంకా దగ్గరిది. 2002లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టును బేస్‌బాల్ లీగు, అంటే మిగతా 29 జట్లు, కొన్నాయి. ఆ వేసవిలో మేనేజర్ ఒమర్ మినాయా బార్టొలో కొలోన్ అనే బౌలర్ లాంటి పిచ్చర్ కోసం క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్ అనే ముగ్గురు కుర్రవాళ్ళను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేశాడు. ముగ్గురూ తరువాత పెద్ద తారలయ్యారు. మాంట్రియల్ వైపు నుంచి చూస్తే చాలా చెడ్డ బేరం. కానీ లీగు అడ్డుపడలేదు. మేనేజర్‌కు అధికారం ఉంది, వాడాడు, మంచి చెడ్డలు అతనివి.

ఒక చోట పెద్దమనిషి అడ్డుపడ్డాడు. ఇంకో చోట యజమాని పక్కకు తప్పుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం యజమానీ, పెద్దమనిషీ ఒకడే. అప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నా అనుమానం తప్పదు. బేరం ఒప్పుకుని ఉంటే "లేకర్స్‌కు దోచిపెట్టాడు" అని గిల్బర్ట్ లాంటివాళ్ళు అనేవారు. ఒప్పుకోలేదు కాబట్టి లేకర్స్ వాళ్ళు అన్నారు.

మనకు ఇది కొత్త కాదు. ఎన్. శ్రీనివాసన్ క్రికెట్ బోర్డు పదవిలో ఉండగానే ఆయన కంపెనీ ఇండియా సిమెంట్స్‌కు చెన్నై సూపర్ కింగ్స్ జట్టు ఉండేది. దానికి వీలు కల్పించిన బోర్డు నియమ సవరణను 2015 జనవరిలో మన సుప్రీంకోర్టు కొట్టేసింది. నియమాలు రాసేవాడికి జట్టులో వాటా ఉంటే ఆట మీద నమ్మకం పోతుందన్నదే అక్కడ ముఖ్యాంశం.

చివరికి ఎవరికేం మిగిలింది?

గోర్డన్ గాయాలతో ఆ సీజనులో 9 ఆటలే ఆడాడు. హార్నెట్స్ 66 ఆటల్లో 21 గెలిచింది. 2012 ఏప్రిల్‌లో టామ్ బెన్సన్ ఆ జట్టును కొన్నాడు. మే నెలలో, సుమారు 14 శాతం అవకాశంతో, లాటరీలో మొదటి ఎంపిక వాళ్ళకే తగిలి ఆంథనీ డేవిస్ వచ్చాడు. ఓడమ్, స్కోలాలతో ఇంకొన్ని ఆటలు గెలిచి ఉంటే ఆ అవకాశం అంత ఉండేది కాదు. జట్టు ఆ ఊళ్ళోనే నిలిచింది, 2013లో పెలికన్స్ అని పేరు మార్చుకుంది. స్టర్న్ పక్షం వాళ్ళు చూపించేది ఇదే. లీగు అమ్మిన జట్టుకే లాటరీ ఎలా తగిలిందని కొందరు ఇప్పటికీ గొణుగుతారు. దానికి ఆధారమేమీ లేదు. కానీ పెద్దమనిషికి వాటా ఉన్న చోట అదృష్టం కూడా అనుమానంగానే కనిపిస్తుంది!

హ్యూస్టన్ దగ్గర మిగిలిపోయిన కెవిన్ మార్టిన్ 2012 అక్టోబరులో జేమ్స్ హార్డెన్‌ను తెచ్చిన బేరంలో పనికొచ్చాడు. పాల్ 2017 వరకు క్లిప్పర్స్‌కు ఆడినా ఆ జట్టు రెండవ రౌండు దాటలేదు. లేకర్స్ 2012లో స్టీవ్ నాష్‌ను, డ్వైట్ హోవర్డ్‌ను తెచ్చుకుంది. 2013 ఏప్రిల్‌లో కోబీ కాలి మడమ నరం తెగటంతో ఆ ఆశ కూడా పోయింది. మళ్ళీ 2020లో లేకర్స్ గెలిచినప్పుడు లెబ్రాన్ పక్కన ఉన్నది ఎవరనుకున్నారు? 2019లో న్యూ ఆర్లీన్స్ నుంచి తెచ్చుకున్న ఆంథనీ డేవిస్! ఆ 2020 జనవరిలోనే మొదట స్టర్న్, తరువాత కోబీ ఈ లోకం వదిలి వెళ్ళారు.

కాబట్టి ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పాలంటే ఎవరికి కావలసిన తీర్పు వాళ్ళు చెప్పుకోవచ్చు. అందుకే ఈ తగవు తెగటం లేదు. చూడవలసింది ఫలితం కాదు, పద్ధతి. మా సాఫ్ట్‌వేర్ పనిలో కోడ్ రాసినవాడే దానికి ఆమోదం తెలపకూడదని చిన్న నియమం ఉంటుంది. రాసినవాడు దొంగని కాదు, చూసేవాళ్ళకు నమ్మకం ఉండాలని. లీగు కూడా జట్టు కొన్న రోజే బేరాల మీద చివరి మాట చెప్పే అధికారాన్ని లీగుతో సంబంధం లేని ఒక మనిషికి అప్పగించి, ఆ సంగతి 29 జట్లకూ చెప్పి ఉంటే సరిపోయేది.

మన సంఘాల్లో ఎన్నికలు వచ్చినప్పుడు ఎన్నికల కమిటీలో పోటీ చేసేవాళ్ళు ఉండకూడదని మనం పట్టుబట్టేది కూడా ఇందుకే. ఈసారి భోజనాల దగ్గర లేకర్స్ మిత్రుడూ, క్లీవ్‌లాండ్ మిత్రుడూ వాదించుకుంటుంటే "బేరం మంచిదా, చెడ్డదా" అని కాకుండా "వద్దనే అధికారం ఎవరిదో ముందుగా చెప్పారా?" అని అడిగి చూడండి. ఇద్దరూ ఒకే జవాబు చెబుతారు.