కాగితమునకు మాఫీ, కాడికి వడ్డీ

అప్పులేనివాడే అధిక సంపన్నుడని పెద్దలు చెప్పుదురు. ఆ లెక్కను చూచినచో కర్నూలు సీమలో సంపన్నులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే కనబడుదురు. అయినను అప్పునుగూర్చి మన రైతుకుటుంబములు ఏడ్చుటకంటె నవ్వుటయే యెక్కువ. ఈ నవ్వును అలక్ష్యమనియో అమాయకత్వమనియో పట్టణవాసులు భ్రమింపరాదు. ఇంటి చిట్టాను ఒక చేతను, ప్రభుత్వపు వాగ్దానమును మరియొక చేతను పట్టుకొని, రెంటిని పోల్చి చూచినవారికి కలుగు నవ్వు అది.

నంద్యాల జిల్లాలోని జూపాడు బంగ్లా ప్రాంతమున, కర్నూలు-కడప కాలువ క్రింద పది యెకరముల భూమిగల యొక కుటుంబమును ఊహించుకొందము. ఇంటికి పెద్ద జేజి. పెద్దకొడుకు ఐదెకరములు తానే సాగుచేయును. చిన్నకొడుకు పట్టణమున ఉద్యోగము చేయుచు, తన వంతు ఐదెకరములను ఊరిలోని భూమిలేని రైతునకు కౌలునకిచ్చియున్నాడు. పెద్దకోడలు పొదుపు సంఘమున సభ్యురాలు. రాత్రి భోజనములైన పిమ్మట ఈ యింటి యరుగుమీద జరుగు చర్చ శాసనసభ చర్చకు తీసిపోదు. అచట అధ్యక్షపీఠము జేజిదే.

2008లో కేంద్రప్రభుత్వము వ్యవసాయ ఋణములను మాఫీచేసెను. ఐదెకరములకు లోబడిన రైతునకు గడువుదాటిన బాకీ యంతయు కొట్టివేయబడెను. అంతకు మించినవాడు నూటికి 75 వంతులు చెల్లించినచో తక్కిన 25 వంతులు తగ్గింపబడెను. గడువులోపల బాకీ తీర్చినవానికి ఏమియు లేదు. అప్పటికి భూమి పంచుకొనలేదు గావున ఈ యింటివారిది పదియెకరముల ఖాతా. పైగా పెద్దకొడుకు పట్టుదలగలవాడై గడువునకే బాకీ కట్టియుండెను. అతని నిజాయితీకి దక్కినది జేజి మెప్పొక్కటియే. "అబ్బీ, నీవు మంచివాడవే గాని, తొందరపడిన మంచివాడవు" అని యామె తీర్పు చెప్పినది.

2014లో రాష్ట్రప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర రూపాయల వరకు మాఫీ ప్రకటించెను. 50 వేలకు లోపలి బాకీలు ఒక్కసారిగా తీరెను. తక్కినవానికి విడతలవారీ చెల్లింపని చెప్పి అర్హతపత్రములు పంచిరి. ఆ పత్రమును కొడుకు చదివి వినిపింపగా జేజి యిట్లనినది: "బాకీపడినవాడు వ్రాసియిచ్చు కాగితమును ప్రాంసరీ నోటందురు. నిన్నటివరకు మనము సర్కారుకు బాకీ. నేడు సర్కారు మనకు బాకీ. మరి సాక్షి సంతకమేదిరా?" 2019లో ప్రభుత్వము మారెను, చివరి కిస్తీలు నిలిచిపోయెను. "బాకీదారు ఇల్లు ఖాళీచేసినాడు, కొత్తగా దిగినవాడు పాతబాకీ నాదికాదనుచున్నాడు" అని యామె యా నోటును పెట్టె యడుగున దాచినది.

కోడలి హాస్యము వేరొక తీరు. 2019 ఎన్నికలకు ముందు పొదుపు సంఘపు స్త్రీలకు పసుపు-కుంకుమ పేర తలకు 10 వేల రూపాయలు వచ్చెను. తరువాతి ప్రభుత్వము 2020 మొదలుకొని ఆసరా పేర నాలుగు విడతలుగా సంఘముల పాతబాకీ చెల్లింప పూనుకొనెను. "పుట్టింటివారు పసుపుకుంకుమ లిచ్చినచో చల్లగా నుండుమందురు, వీరిచ్చినచో వ్రేలు చూపుమందురు" అని యామె మాట. సిరా గుర్తు పడునది వ్రేలిమీదనే కదా!

ఈ మాఫీలన్నియు ప్రజాప్రభుత్వములు పుట్టించిన దురలవాటని కొందరు పట్టణపు పెద్దలు ఈసడింతురు. వారు ఈ కాలువ చరిత్రను ఒక్కమారు తెలిసికొనవలెను. 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండను పెట్టుబడిదారుల సొమ్ముతో ఏర్పడెను. కాలువల ఆలోచనకు మూలపురుషుడు సర్ ఆర్థరు కాటను. ఆ కంపెనీ పెట్టుబడిలో పదిలక్షల పౌనులకు నూటికి ఐదు చొప్పున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము పూచీపడెను. కాలువ పారినను పారకున్నను వాటాదారునకు వడ్డీ తప్పదు. సొమ్ము చాలకపోగా 1866లో ప్రభుత్వమే మరి ఆరులక్షల పౌనులు అప్పిచ్చెను. సుంకేసుల మొదలు కడప వరకు కాలువ 1871 నాటికి పూర్తియయ్యెను గాని, ఆశించిన సాగు రాలేదు, ఆదాయము రాలేదు. 1876-78 క్షామమున ఈ సీమ ప్రజలు అన్నమునకు మొగమువాచి మడిసిరి. పూచీపడిన వడ్డీకి మాత్రము కరవు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొని, ఆ భారమును తన తలకెత్తుకొనెను. ఆ తల మన శిస్తుతో పెరిగిన తల. కావున ఈ గట్టున జరిగిన మొదటి గొప్ప ఋణవిమోచనము జూపాడు రైతునకు గాదు, లండను వాటాదారునకు.

ఆ వాటాదారునికి కలిగిన బలమేది? చేత కాగితముండుట. ఈ సూత్రమే పిమ్మట వచ్చిన మేలి చట్టములలోను కానవచ్చును. 1938లో రాజాజీ మంత్రివర్గము చేసిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము గొప్ప మేలుచేసినది. 1932 అక్టోబరునకు ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని అది రద్దుచేసెను. అసలునకు రెండింతలు ముట్టియున్నచో బాకీ తీరినట్లే యనెను. కాని ఆ చట్టములో వ్యవసాయదారుడనుటకు చెప్పిన మొదటి లక్షణము శిస్తుభూమిపై విక్రయింపదగిన హక్కు కలిగియుండుట. నాగలి పట్టుట చాలదు, పట్టా ఉండవలెను. కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన ఏటికి 6 వేల కిసాన్ సొమ్మును భూమిగల కుటుంబమునకే యిచ్చుచున్నది. ఉపశమనము కాగితము వెంబడి నడచును గాని కాడి వెంబడి నడువదు.

ఇక మన కుటుంబపు కౌలురైతు సంగతి చూడుడు. పట్టాదారు బ్యాంకున లక్ష రూపాయల పంటఋణము తెచ్చి గడువునకు తీర్చినచో, కేంద్రపు రాయితీ పోను వడ్డీ నూటికి 4 చొప్పున 4 వేలు. అదే లక్షను కౌలురైతు ఊరిలో నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకి తెచ్చినచో ఏటికి 24 వేలు. భేదము 20 వేలు. 2025 ఆగస్టున మొదలైన అన్నదాత సుఖీభవలో, కిసాన్ సొమ్ముతో కలిపి, రైతుకుటుంబమునకు ఏటికి ప్రకటించిన మొత్తము సరిగా 20 వేలే! భూమిగలవాడు పొందు కానుక ఎంతయో, భూమిలేనివాడు కాగితములేమికి చెల్లించు జరిమానా అంతయే. ఈ లెక్కకు మాత్రము అరుగుమీద నవ్వు పుట్టలేదు.

దీనికి ప్రభుత్వములు మందు వెదకకపోలేదు. 2011 చట్టము కౌలురైతులకు ఋణార్హత కార్డులిచ్చెను. 2019 చట్టము పంటసాగుదారు హక్కుపత్రమును పదునొకండు నెలల గడువుతో ఏర్పరచెను. అందులకు భూయజమాని ఒప్పుదల సంతకము కావలెనని విధించెను. ఆ పత్రము పంటకే గాని భూమికి హక్కు కలిగింపదని చట్టమే స్పష్టముగ చెప్పినది. అయినను యజమాని కలము కదలదు. ఎందులకు? సంతకము చేసినచో భూమి పోవునను భయము కొంత. కౌలు సొమ్మును తీసికొనుచునే పంటఋణమును, రాయితీని, మాఫీని తన పేరనే నిలుపుకొనవలెనను ఆశ కొంత. భయమును చట్టము పోగొట్టగలదు. ఆశను పోగొట్టుట ఇంటివారి పని.

భూవసతిగల పాఠకులారా! సర్కారు మాట తప్పినదని మనము నవ్వుదుము. నవ్వుటకు హక్కు కలదు. మన యింటి చిట్టాలో మాత్రము ఒక బాకీ వ్రాయబడకయే మిగిలియున్నది. మన పొలమున చెమటయోడ్చువానికి మనము వ్రాసియీయవలసిన సంతకము అది. దానికి బడ్జెట్టు అక్కరలేదు, ఎన్నికలు రానక్కరలేదు, కిస్తీలు లేవు. చట్టములు మారవచ్చును, కార్డుల పేర్లు మారవచ్చును. యజమాని మనస్సు మారనిదే వానిలో నేదియు పొలమునకు చేరదు. కౌలు మాటలాడుకొనునాడే కౌలుపత్రమును వ్రాసియిచ్చు ఆచారమును ప్రతి యిల్లు పాటించినచో, నూటికి రెండురూపాయల వడ్డీని తగ్గించుటకు అంతకు మించిన చట్టము లేదు.