రెప్ప కొడితే బెల్లు, చూస్తే ఫ్యాను!

చెయ్యి లేవదు, నోట మాట రాదు. దాహమేసినా ఎవరో ఒకరు వచ్చి అడిగేదాకా ఆగాల్సిందే. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో ఇల్లాలి చెవి ఎప్పుడూ ఆ గది వైపే ఉంటుంది. మెదడు తరంగాలతోనే లైటు, ఫ్యాను వేసుకునే హెడ్‌సెట్లు వచ్చాయంటే ఆశ పుట్టదూ మరి! మా అక్కకు మాట పోయాక నాకూ పుట్టింది. అవి ఎలా పనిచేస్తాయో, ఎంతవరకు ఉపయోగమో తెలుసుకున్నాను.

ప్రయోగశాల నుంచి ఇంటికి

మన మెదడులో ఎప్పుడూ కొద్దిపాటి విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి తల మీద నుంచి దాన్ని నమోదు చేశారు. ఫిట్స్ వచ్చినవాళ్లకు తీసే ఇ.ఇ.జి. అదే. ఆ తరంగాలతో కంప్యూటర్ని నడపవచ్చని 1973లో అమెరికాలో జాక్ విడాల్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. చాలాకాలం అది ప్రయోగశాలలకే పరిమితం. 2009లో ఎమోటివ్ సంస్థ 14 ఎలక్ట్రోడ్ల హెడ్‌సెట్‌ను 299 డాలర్లకు మార్కెట్లోకి తెచ్చింది. 2011లో వచ్చిన న్యూరోస్కై మైండ్‌వేవ్ ఇంకా చవక. నుదుటి మీద ఒక ఎలక్ట్రోడు, చెవి తమ్మెకు ఒక క్లిప్పు... అంతే! ఆపరేషన్ అక్కర్లేదు.

మనసు చదవదు

'ఫ్యాను వెయ్యి' అని మనసులో అనుకుంటే ఈ పరికరానికి వినపడదు. అది గుర్తుపట్టేది తరంగాల్లో మార్పుని మాత్రమే. తెర మీద ఒక్కో గడి ఒక్కో వేగంతో మినుకుమంటూ ఉంటుంది. ఒకటి లైటుకి, ఒకటి ఫ్యానుకి, ఒకటి బెల్లుకి. వాటిలో ఒకదాన్నే చూస్తుంటే మెదడులోనూ అదే వేగంతో తరంగం లేస్తుంది. కంప్యూటర్ దాన్ని పసిగట్టి ఆ స్విచ్ వేస్తుంది. (ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ పద్ధతి వాడకూడదు.)

మెదడు తరంగాలు చాలా బలహీనం. రెప్ప కొట్టినా, పళ్లు బిగించినా పుట్టే విద్యుత్తు వాటికన్నా ఎక్కువ. అందుకే చవక హెడ్‌సెట్లతో చేసిన పరికరాలు చాలావరకు రెప్పపాటునే సంజ్ఞగా తీసుకుంటాయి.

కొనేముందు...

* వేలు, చెంప, కనుబొమ్మ - ఏది కాస్త కదిలినా దానికి తగ్గ స్విచ్ ఇంకా చవక, నమ్మకం కూడా. స్టీఫెన్ హాకింగ్ అంతటివారు చెంప కదలికతోనే కంప్యూటర్ వాడారు. ఏది అనువో ఆక్యుపేషనల్ థెరపిస్టుని అడగండి.

* ఎలక్ట్రోడు చర్మానికి బాగా ఆనాలి. నుదుటి మీద నూనె, చెమట తుడిచి పెట్టండి.

* మొదట బెల్లుతో మొదలుపెట్టండి. రోజూ కాసేపే చేయించండి, త్వరగా అలసిపోతారు.

* ఊపిరికి సంబంధించిన యంత్రాలకు, గ్యాస్ స్టవ్‌కు దీన్ని తగిలించవద్దు. పొరపాటున స్విచ్ పడితే ప్రమాదం. ఇంట్లో మనిషి తోడూ తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు ఏ స్విచ్ కావాలో ఆ మనిషినే అడగండి. మాట రాకపోయినా రెప్పతో 'ఊ', 'ఊహూ' చెప్పగలిగితే చాలు. మా అక్క కోరుకున్నది లైటు ఆర్పే స్విచ్. రాత్రి ఎప్పుడు నిద్రపోవాలో ఇప్పుడు తనే నిర్ణయించుకుంటోంది. ఆ చిన్న స్వతంత్రం ఎంత పెద్దదో మంచాన ఉన్నవాళ్లకే తెలుసు!